ఊరికే పడుకున్నవాళ్ళ టైమ్ టేబుల్

డిపోలో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వీపు వెనక గడియారం అనేవారు. రెండో పేరు తన చెవిన పడిందని ఆమె ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే మానేస్తారేమోనని భయం. ఆమెకు ఆ పేరే ఎక్కువ ఇష్టం.

ముప్పై నాలుగు బస్సులు, తొమ్మిది రూట్లు, తొంభై మంది డ్రైవర్లు. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఆగాలో, ఏ డ్రైవరు ఏ పూట ఎక్కాలో రాసేది ఆమే. ఆమె గదిలో ఒక గోడ నిండా ఒకటే కాగితం. అడ్డంగా గంటలు, నిలువుగా స్టాపులు, ఒక్కో బస్సుకీ ఒక్కో ఏటవాలు గీత. కొత్తగా చూసినవాళ్ళకు అది కోడి కెలికినట్టు ఉండేది. ఆమె మాత్రం కాఫీ తాగుతూ దానివంక చూసి, "రైల్వే గేటు దగ్గర తొమ్మిదీ పదికి రెండు బస్సులు మొహామొహాలు చూసుకుంటున్నాయి, ఒకదాన్ని నాలుగు నిమిషాలు వెనక్కి జరపాలి" అనేది. జరిపితే మర్నాటినుంచి గేటు దగ్గర హారన్ల గోల తగ్గేది.

ఒక శనివారం మధ్యాహ్నం తమ్ముడు ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. వాడు ఆమె కంటపడి రెండు నెలలయింది.

ఆ రెండు నెలల కథ ఏమిటంటే, పెదనాన్న మనవరాలి పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరో, "మీ తమ్ముడు ఏం చేస్తున్నాడమ్మా?" అని అడిగారు. ఆమె నోరు ఊరుకోలేదు. "మావాడా, పనీపాటా లేకుండా పడుకున్నవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. ఐదేళ్ళయింది. వాళ్ళూ లేవలేదు, వీడూ లేవలేదు" అంది. బల్లకు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నవ్వులే. తమ్ముడూ నవ్వాడు. నవ్వి, చెయ్యి కడుక్కుని, ఇంటికి వెళ్ళిపోయాడు. అంతకుముందు రోజూ సాయంత్రం ఏడూ పదికి అక్కకు ఫోన్ చేసేవాడు. ఆ రోజుతో అది ఆగిపోయింది.

వాడికీ ఆమెకూ పద్నాలుగేళ్ళ తేడా. వాడికి అక్షరాలు దిద్దించింది ఆమే, సైకిలు నేర్పించింది ఆమే, మొదటిసారి మీసం గీసుకుని గడ్డం కోసుకుంటే దూది పెట్టింది కూడా ఆమే. అలాంటప్పుడు ఒక మాట అంటే మాత్రం ఏమిటట అని ఆమె వాదన. ఆ వాదన ఎవరితోనూ చేయలేదు, తనతో తనే రోజుకు నాలుగైదుసార్లు చేసుకునేది.

"అక్కా, రేపు పొద్దున ఖాళీయేనా?" అన్నాడు తమ్ముడు, గుమ్మం దాటకుండానే.

"నేను ఖాళీగా ఉండటం నువ్వెప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదు. కానీ రేపు పని అదే. ఖాళీగా ఉండటం."

విషయం చెప్పాడు. ఆసుపత్రిలో బుర్రను స్కానింగ్ చేసే మెషిన్ వాడి ల్యాబుకు ఇచ్చేది ఆదివారం పొద్దున తొమ్మిదినుంచి పదకొండుదాకానే. రేపు రావలసిన మనిషికి జ్వరం. ఎవరూ పడుకోకపోతే ఆ పూట వృథా, మళ్ళీ నెలదాకా ఖాళీ లేదు. తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. అందరికీ పనులున్నాయి.

అందరినీ అడిగాక చివరికి తనదగ్గరికి వచ్చాడన్నమాట. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అర్థమైనా, గోడమీది కాగితంవంక చూస్తూ, "తొమ్మిదింటికంటే ఎనిమిదీ యాభైకల్లా వస్తాను" అంది.

అన్నట్టే వచ్చింది. మెషిన్ నడిపే అమ్మాయి చేత్తో రుమాలు పట్టుకుని, ముక్కు చీదుకుంటూ, ఒంటిమీది ఇనుమూ అదీ అంతా తీసేయమంది. పిన్నులు వచ్చాయి, చెవిపోగులు వచ్చాయి. చివరికి వాచీ. ముప్పై ఏళ్ళుగా ఎండ తగలని మణికట్టు తెల్లగా బయటపడింది. ఆమెకు ఒళ్ళంతా ఏదో వెలితిగా అనిపించింది.

"లోపల మీ కళ్ళకెదురుగా చిన్న అద్దం ఉంటుంది, అందులో ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుందండీ. కళ్ళు తెరిచి దాన్నే చూస్తూ ఉండండి. కదలకండి. నిద్రపోకండి. ఫలానాది అని పెట్టుకుని ఏదీ ఆలోచించకండి," అంది ఆ అమ్మాయి.

"మరేం చేయాలి?"

"ఏమీ చేయకూడదండీ."

"ఎంతసేపు?"

"పదిహేను నిమిషాలు."

గొట్టంలాంటి మెషిన్ లోపలికి బల్ల జరిగింది. ఠకఠకమని మోత మొదలైంది. పదిహేను నిమిషాల తర్వాత బల్ల బయటికి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"మీ మెషిన్ నాలుగువందల యాభై సార్లు కొట్టింది. రెండు సెకన్లకు ఒకటి. ఒక్కటి కూడా టైము తప్పలేదు. మంచి మెషిన్" అంది.

తమ్ముడు గాజుపలక అవతల తలపట్టుకున్నాడు. "లెక్కపెట్టావా అక్కా?"

"మరి అంతసేపు చేతులు ముడుచుకుని కూర్చోనా?"

"చేతులు ముడుచుకునే పడుకోవాలి. లెక్కపెట్టడం పనక్కా. పని చేస్తున్న బుర్ర నాకొద్దు. ఊరికే ఉన్న బుర్ర కావాలి."

ఇంకా టైముంది కనుక మళ్ళీ పడుకోబెట్టారు. ఈసారి లెక్కపెట్టనని మాట ఇచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. నాలుగో నిమిషంలో మెషిన్ అమ్మాయి తమ్ముడివైపు తిరిగి, నవ్వాపుకుంటూ, "సార్, మీ అక్కగారు గురకపెడుతున్నారు" అంది.

"నేను నిద్రపోలేదు" అంది ఆమె బయటికొచ్చాక. నిద్రలోంచి లేపినవాళ్ళందరూ అనే మాటే.

తమ్ముడు తల కూడా ఎత్తలేదు. కాగితాల్లో ఏదో రాసుకున్నాడు. ఏమైనా అంటే బాగుండేది. మెషిన్ పక్కగదిలో వాడి ప్రొఫెసరుగారు ఇదంతా చూస్తూనే ఉంది. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, మాట కచ్చితం. "వచ్చే ఆదివారం నా పూటలో అరగంట ఇస్తాను. మీ అక్కగారే రావాలి. ఒకే మనిషి లెక్కపెట్టినప్పుడూ, నిద్రపోయినప్పుడూ, ఊరికే ఉన్నప్పుడూ మూడూ ఊరికే దొరుకుతాయా?" అంది.

ఆ వారం గడియారం తన మొగుడిదగ్గర శిష్యురాలిగా చేరింది. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ కొట్టు. తొందర అనే జబ్బు ఆయనకు పుట్టుకతోనే రాలేదు. గిరాకీ లేనప్పుడు స్టూలుమీద కూర్చుని, వీధిలోకి చూస్తూ, గంటలకు గంటలు అలా ఉండిపోగలడు. పాతికేళ్ళుగా ఆ కూర్చోవడం చూసి ఆమెకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకుంది.

"ఎలాగండీ ఇది?"

"ఏది?"

"ఇదే. మీరు చేసేది."

"నేనేం చేస్తున్నాను?" అన్నాడాయన, నిజంగానే తెలియక.

ఐదు నిమిషాలు కూర్చుంది. లేచి ఫ్రేములన్నీ సైజులవారీగా సర్దింది. మళ్ళీ కూర్చుంది. ఈసారి ఏమీ ఆలోచించకూడదని పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆయన ఓరగా చూసి, "అలా కుస్తీ పడితే ఎలా? వచ్చేదాన్ని రానీ, పోయేదాన్ని పోనీ. గిరాకీ వచ్చినట్టే. అందరూ కొనడానికే రారుగా, కొందరు అద్దంలో మొహం చూసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ వెంటపడతామా?" అన్నాడు.

గురువారానికి ఆమెకు కొద్దికొద్దిగా పట్టుబడింది. శుక్రవారం ఏకంగా ఇరవై నిమిషాలు కూర్చుంది. గిరాకీ ఒకాయన వచ్చి, "అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఆదివారం మెషిన్లోకి వెళ్ళాక ప్లస్ గుర్తును చూస్తూ ఊరికే ఉంది. మోత మోతగానే ఉంది, దాని దోవన అది పోతోంది. గ్యాసు కట్టేశానా అన్న అనుమానం వచ్చింది, పోయింది. చిన్నప్పటి బడిలో నీళ్ళ కుండ మీద బోర్లించిన గ్లాసు గుర్తొచ్చింది, ఎందుకో తెలియదు. తర్వాత పెళ్ళిలో భోజనాల బల్ల వచ్చింది. తమ్ముడి ప్లేటు. వాడు లేచి వెళ్ళిపోయాక ఆ ప్లేటులో సగం అన్నం అలాగే ఉంది. ఆ ప్లేటును ఆమె అప్పుడు చూసింది. చూసి, పక్కావిడతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. తల తిప్పడానికి లేదు. ప్లేటు ఎదురుగా చాలాసేపు అలాగే ఉండిపోయింది.

బయటికొచ్చాక వాచీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి తమ్ముడి పక్కన కుర్చీలో కూర్చుంది.

"బాగా వచ్చిందక్కా. కదల్లేదు, నిద్రపోలేదు" అన్నాడు వాడు తెరమీంచి చూపు తిప్పకుండా.

"ఇంతకీ వీటిలో ఏం చూస్తావురా నువ్వు?"

ఐదేళ్ళలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. తమ్ముడు అనుమానంగా చూశాడు, ఇంకో హాస్యం రాబోతోందేమోనని. ఆమె మొహంలో అదేమీ లేదు.

"మనిషి ఊరికే ఉన్నా బుర్ర ఊరికే ఉండదక్కా. పనేమీ లేకపోయినా ఎక్కడో ఒకచోట చిన్న కదలిక లేస్తుంది, మెల్లగా, ఊపిరి పొంగినట్టు. కాసేపటికి అది ఇంకోచోట లేస్తుంది. కాసేపంటే అర సెకను, ఒక్కోసారి అంతకూడా ఉండదు. ముందు ఎక్కడ, తర్వాత ఎక్కడ? ఆ వరస కనిపెట్టాలి. అదే నా పని."

"కనిపెట్టావా?"

"కనిపెడితే ఐదేళ్ళు ఎందుకు పడుతుంది?" అని ఒక కాగితం ముందుకు తోశాడు. నిండా అంకెలు. "ఇదిగో, నుదుటి వెనక లేచిన అర సెకనుకు నడినెత్తి కింద లేస్తోంది. నడినెత్తి తర్వాత ఇంకో అర సెకనుకు చెవి వెనక. అయితే నుదుటికీ చెవికీ మధ్య ఎంత ఉండాలి?"

"సెకను."

"ఉండాలిగా. సున్నా వస్తోంది. అసలు తేడాయే లేదంటోంది. ఈ ఒక్క మనిషికే కాదు, ఇప్పటిదాకా చూసిన అరవై మందికీ ఇలాగే ఉంది. ఏవో రెండు కుదిరితే మూడోది కుదరదు. పొరపాటు ఎక్కడుందో తెలియట్లేదు."

ఆమె కాగితం అందుకుంది. అంకెలవరసలమీద వేలు పెట్టి కిందికీ పైకీ జరిపింది. డిపోలో ఆలస్యాల రిజిస్టరు చూసేటప్పుడు జరిపినట్టే.

"ఇవి సగటులా?"

"అవును. పదిహేను నిమిషాల మొత్తానికీ."

"ఒకటే రూటని నీకెవరు చెప్పారు?"

"అంటే?"

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసరొచ్చాడు. మార్కెట్టు స్టాపుకీ ఆసుపత్రి స్టాపుకీ మధ్య బస్సుకు ఎంతసేపు పడుతోందో చెప్పమన్నాడు. ఎవరో గుమాస్తా రోజంతా ఒక్కో బస్సు ఆసుపత్రి టైములోంచి మార్కెట్టు టైము తీసేసి, సగటు కట్టిచ్చాడు. సున్నా నిమిషాలు. ఆయన చిందులు తొక్కాడు, బస్సులు అసలు కదలట్లేదా అని. కదలకపోవడమేమిటి? సగం అటు పోతున్నాయి, సగం ఇటు వస్తున్నాయి, ఇటు వచ్చేవాటి లెక్క మైనస్సులో పడుతుంది. అన్నీ కలిపి సగటు తీస్తే ఎక్కడివక్కడే ఉన్నట్టు కనబడతాయి. రూటువారీగా విడదీసి చూడు. ఒకే స్టాపు ఒక రూటులో మొదటిది, ఇంకోదాంట్లో చివరిది."

"అన్నీ బస్సులు కావక్కా" అన్నాడు తమ్ముడు. మాట కొంచెం గట్టిగానే వచ్చింది. "ఐదేళ్ళనుంచి చూస్తున్నాను. ఒక్కసారి పడుకుని లేచి నువ్వు..."

ఇంకో రోజైతే ఆమె ఊరుకునేది కాదు. ఆ రోజు కాగితం వాడిముందు పెట్టి, వాచీ పెట్టుకుని, "సరే, నాకు తెలిసింది చెప్పాను. నీ పని నీకు తెలుస్తుంది" అని వెళ్ళిపోయింది.

సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. బుధవారం సాయంత్రం ఏడూ పదికి ఫోన్ మోగింది.

"మూడు రూట్లు" అన్నాడు తమ్ముడు, హలో కూడా అనకుండా. "మూడు వరసలక్కా. విడదీస్తే మూడొచ్చాయి. ఒకదాంట్లో నుదురు ముందు, ఇంకోదాంట్లో అదే ఆఖర్న. మూడూ ఒకేసారి, ఒకదానిమీద ఒకటి నడుస్తున్నాయి. అరవై మందిలో యాభై ఏడు మందికి లెక్క సరిపోయింది. రేపు ప్రొఫెసరుగారికి చెప్తాను."

ఆమె మొగుడు పక్కనుంచి, "ఏమిటట?" అన్నాడు.

"వాడి బుర్రలో బస్సులు కదిలాయట" అంది ఆమె, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

మర్నాడు సాయంత్రం అదే టైముకు మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో జీవం లేదు. ప్రొఫెసరుగారు అంతా విని, "చాలా బాగుంది. కాకపోతే ఈ రోడ్డు వేరేవాళ్ళు ఎప్పుడో వేశారు. నీకు మూడేళ్ళ కిందట ఒక వ్యాసం పంపాను, చదివావా?" అందట. వెతికితే వాడి కంప్యూటర్లోనే ఉంది. 'తీరిగ్గా చదవాల్సినవి' అనే పెట్టెలో, నూట నలభై కాగితాల అడుగున.

"సరిగ్గా ఇదే అక్కా. ఇలాగే విడదీశారు. నాకంటే బాగా."

ఆమె నాలుకమీదికి ఒక మాట వచ్చింది. చాలా మంచి మాట, డిపో అంతా వారం రోజులు చెప్పుకుని నవ్వగల మాట. దాన్ని మింగేసింది.

"ఒరేయ్, ఆ పెళ్ళిలో భోజనాల దగ్గర నేనన్న మాట..."

ఆమె వాచీ విప్పి బల్లమీద పెట్టింది.

"అనకుండా ఉండాల్సింది. నువ్వేం చేస్తున్నావో తెలుసుకోకుండానే అన్నాను. నువ్వు సగం తిని లేచావు. నేను చూశాను."

తమ్ముడు గొంతు సవరించుకుని, "మాట బాగానే ఉందక్కా. అదే వచ్చిన చిక్కు. ఎలాగో మా ల్యాబులోవాళ్ళ చెవిన కూడా పడింది. ఇప్పటికీ కాఫీ గదిలో నన్ను చూడగానే, లేచావా అంటారు" అన్నాడు.

"వాళ్ళ పేర్లు చెప్పు."

"చెప్పను. నువ్వొస్తావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఫోను పెట్టేసరికి ఎనిమిదయింది. అన్నం చల్లారిపోయింది. ఆమె మొగుడు కంచం ముందు ఎప్పట్లాగే ఊరికే కూర్చుని ఉన్నాడు.

రోడ్డు పాతదే అయినా ప్రొఫెసరుగారు తమ్ముడిని వట్టి చేతులతో పంపలేదు. రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేచేవాళ్ళలో ఈ వరసలు ఎలా ఉంటాయో తెలుసు. ఒక వారం తెల్లవారుజామున, ఒక వారం రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసేవాళ్ళలో ఎలా ఉంటాయో చూడమంది. అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని తమ్ముడు అక్కను అడగబోయి, ప్రశ్న సగంలోనే ఆపేశాడు. ఆమె అప్పటికే తెల్లకాగితం తీసి గీతలు గీస్తోంది.

ముప్పై ఎనిమిది మంది డ్రైవర్లు సరేనన్నారు. కొందరు మేడమ్ అడిగిందని, కొందరు స్కానింగ్ అంటే ఎలా ఉంటుందో చూద్దామని, ఒకాయన తనకు బుర్ర లేదన్న భార్యకు సాక్ష్యం చూపించాలని. ఎవరు ఏ ఆదివారం ఎన్ని గంటలకు రావాలో ఆమే రాసిచ్చింది. ప్రొఫెసరుగారు తన పూటలు ఇచ్చింది, పూటకు నలుగురు చొప్పున పది ఆదివారాలు.

మొదటి ఆదివారం నలుగురూ నిద్రపోయారు.

రెండో ఆదివారం ముగ్గురు. మూడో ఆదివారం మళ్ళీ నలుగురు. మెషిన్ అమ్మాయి కంటిమీది కెమెరాలో చూస్తూ, "సార్, ఈయన రెండో నిమిషానికే వెళ్ళిపోయారు" అని చెప్పేది. తమ్ముడు మైకులో పిలిచి లేపేవాడు. లేచి, "సారీ సార్" అని, మళ్ళీ నిద్రపోయేవారు. అంత మోతలో. పది ఆదివారాలు గడిచేసరికి ముప్పై ఎనిమిది మందిలో పదిహేను నిమిషాలూ మేలుకున్నవాళ్ళు ఏడుగురు.

"ఇందులో నాకు పనికొచ్చేది ఏడుగురిదే. ఏడుగురితో ఏం తేలుతుంది? అంతా పాడైపోయింది" అన్నాడు తమ్ముడు ఆసుపత్రి క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని. నిద్రపోయిన ముప్పై ఒక్కమంది పేర్లూ, ఎన్నో నిమిషానికి నిద్రపోయారో రాసిన కాగితం బల్లమీద ఉంది.

ఆమె ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. రెండు నిమిషాలు. మూడు. ఒకటిన్నర. నాలుగు. ఆ పేర్లన్నీ ఆమెకు తెలుసు. ఎవరు ఏ రూటో తెలుసు. ముందురోజు ఎవరు ఏ బస్సు తోలారో కూడా తెలుసు.

"ఇది నేను ఉంచుకుంటాను" అంది.

సోమవారం పొద్దున మీసాల డ్రైవరును గదికి పిలిచింది. ఆయన డిపోలో డ్రైవర్లందరికంటే పాతవాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా లేటు రాలేదు. స్కానింగులో ఒకటిన్నర నిమిషంలో నిద్రపోయింది ఆయనే.

"కూర్చోండి. మొన్న శనివారం రాత్రి లాస్టు సర్వీసు మీదే కదా. ఎన్నింటికి పడుకున్నారు?"

"శనివారం సంగతి వదిలేయండి మేడమ్, మర్నాడు సెలవే. షిఫ్టు మారే రోజు అడగండి." ఆయన కుర్చీ అంచునే కూర్చున్నాడు. "రాత్రి పదింబావుకు బస్సు అప్పగిస్తాం. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. తిని నడుం వాల్చేసరికి పన్నెండు దాటుతుంది. తెల్లారి ఐదింబావుకు మళ్ళీ ఫస్టు సర్వీసు. మూడున్నరకే లేవాలి."

"కాగితం మీద ఏడు గంటలు విరామం ఉందే."

"ఉంది మేడమ్. కాగితం మీద ఉంది."

"రెండు వారాలకోసారి?"

"రెండు వారాలకోసారే. ఆ ఒక్కరోజు నిద్ర తీర్చుకోవడానికి మిగతా రోజులన్నీ పడతాయి. తీరేసరికి మళ్ళీ అదే రోజు వస్తుంది."

"ఇన్నేళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదేం?"

మీసాలాయన ఇబ్బందిగా నవ్వాడు. "మీ చార్టులో తప్పుంటుందని ఎవరనుకుంటారు మేడమ్?"

ఆయన వెళ్ళాక ఆమె గోడముందు నిలబడింది. బస్సుల గీతలన్నీ ఎక్కడివక్కడ అందంగా ఉన్నాయి. రాత్రి పదింబావునుంచి తెల్లవారి ఐదింబావుదాకా కాగితం తెల్లగా ఉంది. ఆ తెల్లటి చోటును ఆమె ఎన్నడూ చూడలేదు. అక్కడ బస్సు లేదు కనుక అక్కడేమీ లేదనుకుంది. ముప్పై ఏళ్ళుగా బస్సులు టైముకు రావడమే తన గొప్ప. అవి టైముకు రావడానికి ఎవరి నిద్ర కత్తిరించానో చూసుకోలేదు. ఆమెకు సిగ్గనిపించింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

తర్వాత పన్నెండు రోజులు ఆమె ఆ కాగితంతోనే పోరాడింది. షిఫ్టు వారానికోసారి కాకుండా మూడు వారాలకోసారి మారేటట్టు, మారే రోజున వారపు సెలవు పడేటట్టు కొత్త డ్యూటీ చార్టు రాసింది. కొత్త మనుషులు అక్కర్లేదు, కొత్త బస్సులు అక్కర్లేదు. రెండు రూట్లలో ఫస్టు సర్వీసు మాత్రం పది నిమిషాలు వెనక్కి జరపాలి. ఆ పది నిమిషాలదగ్గరే డిపో మేనేజరు పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా నడుస్తున్నదాన్ని ఇప్పుడు మార్చడం దేనికమ్మా? ఏమైనా ప్రమాదం జరిగిందా?"

"జరగలేదు సార్. జరిగాక మార్చినా నా చార్టు ఇలాగే ఉంటుంది. ముందే మారిస్తే మీకు రిపోర్టు రాసే పని తప్పుతుంది."

మేనేజరు సంతకం పెట్టాడు.

ఈ సంగతి విని తమ్ముడు కంగారుపడ్డాడు. "అక్కా, అంత దూరం మా డేటా చెప్పట్లేదు. ఏడుగురితో ఏమీ తేలలేదు. రేపెవరైనా అడిగితే పరిశోధనలో రుజువైందని చెప్పేవు."

"నీ డేటాతో నాకేం పనిరా? ఆదివారం పొద్దున్నే, అంత మోతలో, ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు నిద్రపోయారు. దీనికి బుర్రలోకి తొంగిచూడాలా?"

కొత్త చార్టు గోడకెక్కిన రోజు డిపోలో ఎవరూ ఆమెకు దండలు వేయలేదు. ఆదివారం సెలవు బుధవారానికి మారినవాళ్ళు సణిగారు. మూడు వారాలు వరసగా రాత్రి డ్యూటీ పడినవాళ్ళు ఇంకా గట్టిగా సణిగారు. ఒకాయనైతే గడియారానికి ముల్లు తిరిగిందని ఆమెకు వినబడేలాగే అన్నాడు. ఆమె విననట్టు వెళ్ళిపోయి, సణిగినవాళ్ళలో ఇద్దరి సెలవులు మాత్రం అటూఇటూ మార్చింది, వాళ్ళు చెప్పిందాంట్లో న్యాయం ఉందని.

మూడు నెలలాగి తమ్ముడు డ్రైవర్లను మళ్ళీ మొదటినుంచి పిలిచాడు. ఈసారి ఆదివారాల వరస వాడే రాసుకున్నాడు. ఒకచోట తప్పు దొర్లితే ఆమె చూసింది, చూసి చెప్పింది. వాడు దిద్దుకున్నాడు. మొదటి పూట నలుగురిలో ముగ్గురు మేలుకున్నారు. రెండో పూట నలుగురూ. వరసల్లో తేడా ఉందో లేదో తేలడానికి ఇంకా ఏడాది పడుతుందని ప్రొఫెసరుగారు అంది. ఏడాదంటే తమ్ముడు ఈసారి దిగులుపడలేదు.

మీసాల డ్రైవరు మూడో పూట వచ్చాడు. పదిహేను నిమిషాలూ ప్లస్ గుర్తును చూస్తూ పడుకుని, బయటికొచ్చి బల్లమీంచి దిగుతూ, మెషిన్ అమ్మాయితో చిన్న గొంతుతో అన్నాడు:

"ఒకసారి మెకానిక్కును పిలిపించి చూపించండమ్మా. పోయినసారి పడుకోగానే హాయిగా నిద్రపట్టింది. ఈసారి ఎంతకీ పట్టలేదు. లోపల ఏదో పాడైనట్టుంది."